కోరాపుట్ ప్రభుత్వ సీటా, భువనేశ్వర్ డీమ్డ్ సీటా, విశాఖ వైపు బి కేటగిరీనా? నాలుగు రోజులే టైం ఉంది

రాయగడ అన్నయ్య:

అందరికీ నమస్కారం. మాది రాయగడ. తాతల కాలంలో పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. నాన్న పేపర్ మిల్లులో పనిచేసి రెండేళ్ల కిందట రిటైరయ్యారు, నేను మెడికల్ షాపు నడుపుతున్నాను. చెల్లి టెన్త్, ప్లస్ టూ రెండూ ఇక్కడే చదివింది, తర్వాత విశాఖలో ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని ఈసారి నీట్‌లో పర్వాలేదనిపించే ర్యాంకు తెచ్చుకుంది. మా వంశంలో ఇంతవరకు డాక్టర్ లేరు, అందుకే ఇంట్లో ఎవరికీ ఏది సరైనదో చెప్పే ధైర్యం లేదు.

ఒడిశా స్టేట్ కోటా రెండో రౌండ్‌లో కోరాపుట్ సహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది. ప్రభుత్వ కాలేజీ, ఫీజు వేలల్లోనే, హాస్టల్, మెస్ కలిపినా ఏడాదికి లక్ష దాటదని అక్కడ చదివే పిల్లలు చెప్పారు. ఈలోగా ఢిల్లీ వాళ్లు జరిపే ఎంసీసీ కౌన్సెలింగ్‌లో భువనేశ్వర్‌లోని ఒక ప్రైవేట్ డీమ్డ్ యూనివర్సిటీ కూడా రెండో రౌండ్‌లోనే వచ్చింది. అక్కడ అన్నీ కలిపి ఏడాదికి 18 లక్షల పైమాటే. మూడోది విశాఖ వైపు ఒక ప్రైవేట్ కాలేజీలో బి కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ కోటా సీటు, ఏడాదికి సుమారు 13 లక్షలు అవుతుందట, మావయ్యకు తెలిసినవాళ్లు ఉన్నారు, ప్రయత్నిస్తే వస్తుందంటున్నారు.

నాన్న మనసు డీమ్డ్ మీద ఉంది. కోరాపుట్ కాలేజీ 2017లో మొదలైంది కదా, కొత్త కాలేజీల్లో ప్రొఫెసర్లు ఉండరు, పిల్ల భవిష్యత్తు పాడవుతుంది అని బంధువులు చెవిలో పోరుతున్నారు. పార్వతీపురం పక్కన ఉన్న మూడెకరాలు అమ్మేసి, మిగతాది లోన్ తీసుకుందాం అంటున్నారు. అమ్మకు విశాఖ కావాలి, మావయ్య ఇల్లు ఉంది, తిండీ తిప్పలూ చూసుకుంటారు, తెలుగు వాతావరణం. నాకు మాత్రం ఆ మూడెకరాలు పోతే రేపు నాన్నకు ఏదైనా జరిగితే ఎలా అన్న టెన్షన్ ఉంది, పైగా షాపు మీద ఇప్పటికే అప్పుంది. ఇంకో చిక్కు ఏమిటంటే డీమ్డ్ కౌన్సెలింగ్‌కి కట్టిన రెండు లక్షల డిపాజిట్, రెండో రౌండ్‌లో సీటొచ్చి చేరకపోతే తిరిగి రాదు. నాన్న రోజుకి నాలుగుసార్లు ఆ రెండు లక్షల మాటే ఎత్తుతున్నారు.

కోరాపుట్ రిపోర్టింగ్‌కి ఇంకా నాలుగు రోజులుంది. తర్వాతి రౌండ్‌లో బరంపురం ఎంకేసీజీ ప్రభుత్వ మెడికల్ కాలేజీకి అప్‌గ్రేడ్ అవుతుందని ఆశపెట్టుకోవచ్చా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

గజపతి జిల్లా పీహెచ్‌సీ డాక్టర్:

తమ్ముడూ, నేను పర్లాకిమిడి వాణ్ణి, బరంపురంలో ఎంబీబీఎస్ చేశాను, ఇప్పుడు గజపతి జిల్లాలో కొండ మీద ఒక పీహెచ్‌సీలో పనిచేస్తున్నాను. నీ పోస్టు రాత్రి చదివి నిద్రపట్టక పొద్దున్నే రాస్తున్నాను, ఎందుకంటే మా నాన్న కూడా సరిగ్గా ఇలాగే భూమి అమ్ముతానని కూర్చున్నారు.

కాలేజీ పేరు కంటే నీ చెల్లి చేతికి ఎంతమంది రోగులు వస్తారన్నది చూడు. ఎంబీబీఎస్ అంటే నాలుగున్నరేళ్ల చదువు, ఒక ఏడాది హౌస్ సర్జన్సీ. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ ఎక్కడ చదివినా అవే పుస్తకాలు, మంచి టీచర్ ఉంటే సులువవుతుంది, లేకపోతే కాస్త ఎక్కువ కష్టపడాలి, అంతే. కానీ వార్డులోకి అడుగుపెట్టిన రోజు నుంచి లెక్క మారిపోతుంది. జ్వరం, మలేరియా, సికిల్ సెల్, పాము కాటు, రక్తహీనతతో వచ్చే గర్భిణి, ఇవన్నీ మన అవిభక్త కోరాపుట్ ప్రాంతంలో రోజూ కనపడేవి. వీటిని పుస్తకంలో మాత్రమే చూసిన డాక్టరూ, పడక పక్కన నిలబడి చూసిన డాక్టరూ ఒకటి కారు.

భాష గురించి ఒక్కటి చెప్పాలి, ఎందుకంటే మీ అమ్మగారు తెలుగు వాతావరణం అంటున్నారు. నేను హౌస్ సర్జన్‌గా ఒక చిన్న ఆసుపత్రిలో పోస్టింగ్‌లో ఉన్నప్పుడు ఒక సవర తల్లి జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి తెచ్చింది. నేను ఒడియాలో అడిగాను, ఫిట్స్ వచ్చాయా అని. ఆమె తల ఊపింది. రాలేదు కదా అని అడిగాను, దానికీ తల ఊపింది. ఫిట్స్ రాలేదని రాసేశాను. వెనక నుంచి వార్డు అటెండర్ వచ్చి సవరలో రెండు ముక్కలు అడిగితే, నిన్న రాత్రి నుంచి రెండుసార్లు వచ్చాయని చెప్పింది. ఆ కాగితం మీద నేను కొట్టేసిన గీత ఇప్పటికీ నా కళ్లముందుంది. ఆ వారమే ఆ అటెండర్ దగ్గర కూర్చుని నొప్పి ఎక్కడ, ఎన్ని రోజులు, తిన్నాడా, వాంతులయ్యాయా ఇలాంటి పాతిక మాటలు నేర్చుకున్నాను. గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాసింది మన పర్లాకిమిడిలో ఉండే కదా, పాతిక మాటలు నేర్చుకోవడానికి మనకేం కష్టం. నీ చెల్లికి తెలుగు, ఒడియా రెండూ వచ్చు, ఈ సరిహద్దులో పుట్టిన పిల్లలకు అది పెద్ద ఆస్తి. దాన్ని వాడుకునే చోట చదవడం మంచిది.

బరంపురం విషయం. ఎంకేసీజీ 1962 నుంచి ఉంది, 250 సీట్లు, ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి కూడా రోగులు వస్తారు, ఉద్దానం కిడ్నీ కేసులు మేము అక్కడే చూశాం. తెలుగు మాట్లాడేవాళ్లు ఊరంతా ఉంటారు. వస్తే వదులుకోవద్దు. రాకపోతే కోరాపుట్ తీసుకుని ప్రశాంతంగా ఉండండి. ఇది నా గట్టి అభిప్రాయం.

జయపురం రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:

బాబూ, నేను కాలేజీల గురించి చెప్పలేను, అప్పు గురించి చెప్పగలను. ముప్పై ఏళ్లు లోన్ల కాగితాలే చూశాను.

ముందు ఆ రెండు లక్షల సంగతి తేల్చుకోండి. అది పోయిన డబ్బు. దాన్ని కాపాడుకోవాలని 90 లక్షల ఖర్చులోకి దిగడం ఎలా ఉంటుందో మీ నాన్నగారికి మెల్లగా చెప్పండి, గట్టిగా చెబితే పెద్దవాళ్లకు పౌరుషం వస్తుంది.

ఇక లోన్. ఏడున్నర లక్షల పైన తీసుకోవాలంటే సాధారణంగా బ్యాంకు తనఖా అడుగుతుంది, వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు తనఖాగా ఒప్పుకోవు, ఇల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్లో చూపించమంటారు. అంటే భూమి అమ్మినా మీ రాయగడ ఇల్లు కూడా ఇరుక్కుంటుంది. ఇంకో మాట, ఆ మూడెకరాలున్న ఊరు ఏజెన్సీ గ్రామాల్లో ఉందో లేదో చూసుకున్నారా? ఉంటే 1/70 చట్టం వల్ల గిరిజనులకు తప్ప అమ్మలేరు, మీరు అనుకున్న ధర రాదు.

ఒక లెక్క వేసి చూపిస్తాను. భూమి అమ్మగా మిగతాది 50 లక్షలు లోన్ అనుకుందాం, ఏడాదికి 10 లక్షల చొప్పున ఐదేళ్లు తీసుకుంటారు, వడ్డీ 10 శాతం. కోర్సు ఐదున్నరేళ్లు, ఆ తర్వాత ఒక ఏడాది వాయిదా కట్టక్కర్లేదు, కానీ వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంది. సాధారణ వడ్డీ వేసుకున్నా కట్టడం మొదలుపెట్టే నాటికి 50 కాస్తా 72 లక్షల 50 వేలు అవుతుంది. 15 ఏళ్లకు వాయిదాలు పెట్టుకుంటే లక్షకు నెలకు సుమారు 1,075 రూపాయలు, అంటే నెలకు దాదాపు 78 వేలు. చివరికి కట్టేది కోటీ నలభై లక్షలు. ఆ వాయిదా మొదలయ్యే టైంకి మీ చెల్లి పీజీ ప్రిపరేషన్‌లో ఉంటుంది, లేదా పీజీ చదువుతూ ఉంటుంది, అప్పుడు కట్టాల్సింది మీరూ మీ షాపూ. పాత పన్ను విధానంలో ఉంటే వడ్డీ మీద పన్ను మినహాయింపు ఉంది, ఎనిమిదేళ్ల వరకు, కానీ అది పన్ను కట్టేంత ఆదాయం ఉన్నవాళ్లకే పనికొస్తుంది.

కోరాపుట్ అయితే మీ నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు వడ్డీతోనే చదువు అయిపోవచ్చు. ఆ మూడెకరాలు అలాగే ఉంచండి, పీజీ నాటికి అవసరం పడితే అప్పుడు చూసుకోవచ్చు.

ఫైనల్ ఇయర్ అమ్మాయి:

అన్నా, నేను ఒడిశాలోనే ఇంకో కొత్త ప్రభుత్వ కాలేజీలో ఫైనల్ ఇయర్. పేరు వద్దు. బంధువులు చెప్పేదాంట్లో కొంత నిజముంది, అది దాచను. మాకు ఒక సబ్జెక్టులో చాలా నెలలు ప్రొఫెసర్ లేరు, యూట్యూబ్ వీడియోలు చూసి, సీనియర్ల నోట్సు జిరాక్స్ తీసుకుని గట్టెక్కాం. మొదటి ఏడాది హాస్టల్లో నీళ్లకి బకెట్లు పట్టుకుని లైన్లో నిలబడ్డాం. నాకు అప్పుడు ఏడుపొచ్చింది, ఇంటికెళ్లిపోతానని అమ్మకి ఫోన్ చేశాను.

కానీ మూడో ఏడాదికి వచ్చేసరికి నా చేత్తో రోగికి సెలైన్ ఎక్కించే కాన్యులా పెట్టాను, లేబర్ రూంలో రాత్రి డ్యూటీల్లో అక్కలతో నిలబడ్డాను. ఫీజు ఎక్కువ కట్టే కాలేజీలో చదివే నా పాత క్లాస్‌మేట్ ఒకతను అక్కడ బొమ్మ మీద అన్నీ చాలా చక్కగా నేర్పిస్తారు, రోగి దగ్గరికొచ్చేసరికి మాత్రం చుట్టూ చాలామంది ఉంటాం అన్నాడు. ఆ బొమ్మల ల్యాబు మాకు ఉంటే బాగుండేదనిపించింది, అదీ నిజమే.

కాబట్టి ఎవరి మాటా నమ్మకండి, వెళ్లి చూడండి, ఇంకా నాలుగు రోజులుంది కదా. సోమవారం పొద్దున ఓపీ తెరిచే టైంకి వెళ్లి లైన్ ఎంతుందో చూడండి. వార్డుల్లో మంచాలు నిండి ఉన్నాయో లేదో చూడండి. ఆఫీసులో అడగొద్దు, మెస్ దగ్గర ఫైనల్ ఇయర్ వాళ్లనో హౌస్ సర్జన్లనో పట్టుకుని నువ్వు సొంతంగా ఎన్ని డెలివరీలు చూశావు, రాత్రి క్యాజువాలిటీలో పెద్ద డాక్టర్లు ఉంటారా, మెడిసిన్, సర్జరీ, గైనిక్ సార్లు క్లాసులకొస్తారా అని అడగండి. అమ్మాయిల హాస్టల్ లోపలికి మీ అమ్మగారిని పంపండి, బాత్‌రూంలు, రాత్రి లైట్లు, హాస్టల్ నుంచి ఆసుపత్రికి నడిచే దారి చూసి రమ్మనండి.

ఇంకో సంగతి, ఇప్పుడు మొదట్లోనే ఫౌండేషన్ కోర్సని ఉంటుంది, స్థానిక భాష కూడా నేర్పుతారు, తర్వాత పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత ఇచ్చి కోర్సంతా వాళ్ల ఆరోగ్యం చూడమంటారు. రాయగడ పిల్లకి అది కొత్త ఊరిలా అనిపించదు.

పీజీ గురించి భయపడకండి, నీట్ పీజీ అందరికీ ఒకటే పేపరు.

రాయగడ అన్నయ్య:

అందరికీ చాలా థాంక్స్. బ్యాంకు అంకుల్ లెక్క ప్రింట్ తీసి నాన్న ముందు పెట్టాను, రెండుసార్లు చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టారు, ఏమీ అనలేదు. డాక్టర్ గారూ, అప్‌గ్రేడ్‌కి ఒప్పుకుంటే కోరాపుట్ సీటు పోయే ప్రమాదం ఉందా? ఒకాయనేమో, ఈ ర్యాంకుతో ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ చేస్తే బరంపురం ఖాయం అంటున్నారు.

గజపతి జిల్లా పీహెచ్‌సీ డాక్టర్:

పైది వస్తేనే కిందిది పోతుంది తమ్ముడూ, పైది రాకపోతే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కానీ పైది వచ్చాక మళ్లీ కోరాపుట్ కావాలంటే ఇవ్వరు. అందుకని ఆప్షన్లలో నిజంగా వెళ్లాలనుకున్న కాలేజీలే కోరాపుట్ పైన పెట్టండి, ఊరికే లిస్టు నింపొద్దు. ముందు రిపోర్ట్ చేయండి, అది చేయకుండా అప్‌గ్రేడ్ గురించి ఆలోచించొద్దు. బాండ్ కాగితం ఇస్తే ప్రతి లైనూ చదివి సంతకం పెట్టండి, ఒరిజినల్స్ ఇచ్చేముందు అన్నీ స్కాన్ చేసి ఉంచుకోండి, ఇరవై జిరాక్స్ సెట్లు తీయించండి.

చేతిలో ప్రభుత్వ సీటు పెట్టుకుని మళ్లీ లాంగ్ టర్మ్ వద్దు. వచ్చే ఏడాది పేపరు ఎలా ఉంటుందో ఎవరు చెప్పగలరు.

బరంపురం అమ్మ:

బాబూ, నేను కొంచెం వేరేగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు. మా అబ్బాయి డీమ్డ్‌లోనే చదువుతున్నాడు, నాలుగో ఏడు. చదువు బాగా చెబుతారు, సార్లు ఫోన్ చేసినా పలుకుతారు, ఆ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. మేం చేసిన తప్పు వేరే. వాడి ఫీజు కోసం మా అత్తగారి ఊళ్లో కొబ్బరితోట అమ్మాం. అమ్మిన రోజు వాణ్ణి కూడా తీసుకెళ్లాం, సంతకాలయ్యాక మా మావగారు తోటలోకి వెళ్లి ఒక్కో చెట్టునీ చేత్తో తడిమి వచ్చారు. వాడు అది చూశాడు. రెండో ఏడాది ఒక సబ్జెక్టు పోయింది, ఎవరికైనా పోతుంది, కానీ వాడు పది రోజులు అన్నం తినలేదు, తాతగారి తోట తినేశానమ్మా అని ఒకటే మాట. డాక్టర్‌కి చూపించాల్సి వచ్చింది. ఇప్పుడు బాగున్నాడు దేవుడి దయవల్ల. ఫీజు ఎంత, హాస్టల్ ఎలా ఉంది అన్నీ అడిగాం, ఈ బరువు మోయగలవా నాన్నా అని మాత్రం వాణ్ణి అడగలేదు.

మీ పోస్టు మూడుసార్లు చదివాను. నాన్నగారికి ఏం కావాలో రాశారు, అమ్మగారికి ఏం కావాలో రాశారు, మీ భయం రాశారు. చెల్లి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ముందు ఆ పిల్లని కూర్చోబెట్టి అడగండి. డబ్బు మాట ఎత్తకుండా అడగండి.

రాయగడ అన్నయ్య:

మేడం, మీ మెసేజ్ చదివాక చాలాసేపు షాపు షట్టర్ సగం దించి కూర్చున్నాను. నిజమే, నేను అడగలేదు.

నిన్న నాన్న, అమ్మ, నేను, చెల్లి నలుగురం హిరాఖండ్ రైల్లో కోరాపుట్ వెళ్లాం. ఫైనల్ ఇయర్ చెల్లెమ్మ చెప్పినట్టే ఓపీ టైంకి అక్కడున్నాం. నేనూ నాన్నా లైన్ లెక్కపెడుతున్నాం, అమ్మ హాస్టల్ చూడ్డానికి వెళ్లింది, ఈ పిల్ల కనపడలేదు. చూస్తే ఒక ముసలామె పక్కన నేల మీద కూర్చుని ఆమె చేతిలో ఉన్న మాత్రల స్ట్రిప్పు మీద పెన్నుతో ఏదో గీస్తోంది.

అది ఏమిటో నాకు తెలుసు. సెలవుల్లో షాపులో నాతో కూర్చున్నప్పుడు కొండ మీద నుంచి వచ్చేవాళ్లకు తను స్ట్రిప్పు వెనక వెండి రేకు మీద మార్కర్‌తో పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రవంక, అన్నం తిన్నాక వేసుకోవాలంటే చిన్న గిన్నె బొమ్మ వేసి ఇచ్చేది, కొంధుల భాష కువి నాలుగు మాటలు వచ్చు కాబట్టి చెప్పి కూడా పంపేది. నిరుడు ఒకామె ఖాళీ స్ట్రిప్పు దాచిపెట్టి తెచ్చి, మందుకంటే ముందు ఆ బొమ్మలు మళ్లీ వేసివ్వమని అడిగింది. అప్పుడు నేను పని ఆగిపోతోందని చెల్లిని కసిరాను కూడా.

తిరుగు రైల్లో మేడం చెప్పినట్టు డబ్బు మాట లేకుండా అడిగాను, నీకు ఎక్కడ చదవాలనుంది అని. తను నాన్న వైపు చూసి, "నాన్నా, భూమి అమ్మి చదివితే నేను రాయగడ తిరిగి రాలేను. ఆ అప్పు తీరే ఊళ్లోనే ఉండిపోవాలి. నాకు తిరిగి రావాలనుంది" అంది. నాన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. అమ్మ చాలాసేపు ఏడ్చి, సరే మజ్జిగౌరమ్మ దయ, హాస్టల్ గదులు పర్వాలేదు, చలికి రెండు రగ్గులు కొనాలి అంది.

ఈరోజు పొద్దున నేను లేచేసరికి నాన్న సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని జిరాక్స్ షాపు ముందు నిలబడి ఉన్నారు, షాపు ఇంకా తెరవలేదు. ఎల్లుండి రిపోర్ట్ చేస్తున్నాం. బరంపురం ఒక్కటే పైన పెట్టి అప్‌గ్రేడ్‌కి ఒప్పుకుంటాం, వస్తే వెళ్తుంది, రాకపోతే ఇదే.

ఒక సందేహం, మొదటి ఏడాది అనాటమీకి బోన్ సెట్, అంటే ఎముకల సెట్ కొనాలంటున్నారు, ఎక్కడ దొరుకుతుంది, ఎంత పెట్టాలి?

ఫైనల్ ఇయర్ అమ్మాయి:

అన్నా కొనొద్దు. నాది అలాగే ఉంది, పుర్రె దవడ దగ్గర కొంచెం అరిగింది అంతే. మా రూమ్మేట్‌ది గుణుపురం, దీపావళికి ఇంటికొస్తోంది, తన చేతికిచ్చి పంపిస్తాను, చెల్లిని వచ్చి తీసుకోమనండి. ఆప్రాన్లు మాత్రం మూడు కుట్టించండి, కోరాపుట్‌లో వానాకాలం బట్టలు ఆరవు.